విచ్చుకోని పగడాలు

నాందేడ్
11 అక్టోబర్ 1983

లింగన్నకు,

నువ్వు బాగానే ఉంటావు. బాగాలేనిది మా ముందు గదిలోని తొట్టి.

పోయిన సంవత్సరం నువ్వు రైలు పార్సిల్లో పంపిన పగడాలు తొమ్మిది రోజులుగా విచ్చుకోవడం లేదు. పైకి రాయిలా ఉండే ఆ జీవి ఒంటి మీద వేల నోళ్లుంటాయి. నీళ్లు నచ్చితే అవి చిన్న చిన్న పూలలా తెరుచుకుంటాయి. ఇది నీకు తెలియదని కాదు. సంగతిని మొదటి నుంచి రాయడం నా అలవాటు. ఇప్పుడు ఆ నోళ్లన్నీ మూసుకున్నాయి. మెదడులా మడతలు పడ్డ పెద్ద ముక్క అంచున మాంసం ఊడి తెల్లటి ఎముక బయటపడింది. సముద్రపు పువ్వు ముడుచుకుని నిమ్మకాయంత అయింది. రొయ్యలు రెండు చచ్చాయి.

నేను చేయవలసినవన్నీ చేశాను. కాబట్టి లోపం నీళ్లలోనే ఉంది. ఆగస్టులో నువ్వు పంపిన ఎనిమిది క్యాన్ల సముద్రపు నీళ్లు ఎక్కడ ముంచావు? పడవలు నూనె కార్చే రేవు పక్కన ముంచి ఉంటావు. దూరం పోవడానికి బద్ధకం వేసి ఉంటుంది. చిన్నప్పటి నుంచీ దగ్గరి దారి వెతకడం నీకు అలవాటు.

ఊళ్లో ఎంతోమంది ఈ తొట్టి చూడటానికి వస్తున్నారు. నాందేడ్‌లో సముద్రాన్ని బతికించినవాడినని కాలేజీలో పేరుంది. మంచి నీళ్లు వెంటనే పంపు. ఈసారి లోతులో ముంచు.

శంకర్రావు, ఎం.ఎస్సీ.
జంతుశాస్త్ర అధ్యాపకుడు


మండపం, రామేశ్వరం దారి
19 అక్టోబర్ 1983

ఎం.ఎస్సీ. గారికి,

తోడబుట్టినవాడికి రాసే ఉత్తరం కింద డిగ్రీ ఎందుకు అన్నా? నీకుందని నాకు తెలుసు. నాకు లేదని ఇంకా బాగా తెలుసు.

నీళ్లు రేవు పక్కన ముంచలేదు. పడవ మీద గంటన్నర పోయి, దీవి అవతల, అడుగు కనిపించేచోట ముంచాను. అదే నీళ్లు మా సముద్ర జీవుల ప్రయోగశాల తొట్లలోనూ పోశాం. ఇక్కడి పగడాలు పొద్దున్నే విచ్చుకుని కూర్చున్నాయి.

ఒక మాట తేల్చుకుందాం. మీ ఇంట్లోని పగడాలు నీకు పంపినవి కావు. రెండేళ్ల కింద కాలేజీ పిల్లలను తీసుకుని ఇక్కడికి వచ్చావు. మీ అందరికీ పడవ తోలి, నీళ్లలో మునిగి, ఒక్కొక్క జీవిని చేతిలో పట్టుకుని చూపించింది నేను. ఒక పిల్లవాడు "హా మాణూస్ కోణ్ ఆహే, సర్?" అని, నేనెవరినని నిన్ను అడిగాడు. "ఇక్కడి నౌకరు" అన్నావు. నేను వినలేదనుకున్నావు.

ఇంటికి పోయాక వదినకు కూడా చెప్పలేదు నువ్వు. ఆమె ఫోటోలు చూసి నాకు కార్డు రాసింది. వంకర అక్షరాలతో, 'ఫోటోల ఎనకకు తడిసి నిలబడ్డది నువ్వే కదా లింగన్నా? మస్తు సన్నబడ్డవు. గా సముద్రంల పువ్వులు నాకొక్కపారి చూపియ్యరాదు' అని. ఆ ఒక్క కార్డు కోసం పంపాను. మూడేళ్లు ఆమె చేతి అన్నం తిని మీ ఇంట్లో చదువుకున్నవాడిని.

ఇక పని సంగతి. ఎండకు నీళ్లు ఇగిరితే ఉప్పు వెనకే ఉండిపోతుంది. ఆ లోటుకు పోయవలసింది మామూలు నీళ్లు, సముద్రపు నీళ్లు కాదు. అద్దం మీద నీటి మట్టానికి గీత గీసి పెట్టుకున్నావా? కుళాయి నీళ్లలో బ్లీచింగ్ వాసన పోయేదాకా ఆగుతున్నావా? దోమల మందు కొట్టారా? గదికి కొత్తగా రంగు వేశారా? కరెంటు ఎన్ని గంటలు పోతోంది? అన్నిటికీ జవాబు రాయి.

లింగన్న


నాందేడ్
29 అక్టోబర్ 1983

లింగన్నకు,

పిల్లలను ప్రశ్నించే ఉద్యోగం నాది. నన్ను ప్రశ్నించే ఉద్యోగం నీకు ఎవరూ ఇవ్వలేదు. అయినా రాస్తున్నాను.

గీత ఉంది. ఉప్పు కొలిచే గాజు గొట్టం ఉంది. రోజూ చూస్తాను, సరిగ్గా ఉంది. కుళాయి నీళ్లు ప్లాస్టిక్ డబ్బాలో రెండు రోజులు ఉంచి, తర్వాత రోజుకు ఒక చెంబు పోస్తాం. మందు కొట్టలేదు. రంగు వేయలేదు. కరెంటు సాయంత్రం రెండు గంటలు పోతుంది. అప్పుడు గాలి అందడానికి మీ వదిన ఒక పద్ధతి కనిపెట్టింది. లారీ ట్యూబులో సైకిల్ పంపుతో గాలి నింపి, దాన్ని సన్నగా తొట్టిలోకి వదులుతుంది. పనికిరాని పద్ధతేమీ కాదు.

మెదడు పగడం పూర్తిగా చచ్చింది. నిన్న బయటకు తీస్తే గదంతా కుళ్లు వాసన. వీధిలో ఎవరో "ఏంది సారూ, ఎలుక సచ్చిందా?" అని అడిగారు. దీపావళికి ప్రిన్సిపాల్ గారి కుటుంబాన్ని పిలిచాను. ఇప్పుడు ఏం చూపించాలి?

నౌకరు అన్న మాట గురించి. నువ్వు అక్కడ చేస్తున్నది ఆ ఉద్యోగమే కదా. అబద్ధం చెప్పలేదు.

ఇంకొకటి. నీటి పరీక్ష అనేది శాస్త్రం. ఊహల మీద నడవదు. జేబులో చీటీ పెట్టుకుని పాసయ్యే పరీక్ష కాదు.

శంకర్రావు


మండపం
7 నవంబర్ 1983

అన్నకు,

పదహారేళ్ల తర్వాత చీటీ బయటకు తీశావు. మంచిది. నేనూ తీస్తాను.

బీఎస్సీ మొదటి సంవత్సరం పరీక్ష. హాల్లో కాపలా నువ్వు. నా జేబులో చీటీ దొరికింది. ఇది ఎవరిదని అందరి ముందు అడిగావు. లేచి నిలబడి "నాదే సార్" అన్నాను. పక్కవాడి మీదికి తోయలేదు, గాలికి ఎగిరి వచ్చిందనలేదు. నువ్వు కాగితం రాసి పైకి పంపావు. మూడేళ్లు ఏ పరీక్షా రాయకూడదన్నారు. ఆ రాత్రి వదిన అన్నం పెట్టింది, నేను తినలేదు. పొద్దున్నే ముద్ఖేడ్ స్టేషన్ దాకా నడిచి బండి ఎక్కాను.

తప్పు నాది, శిక్ష కాలేజీది. ఆ సంగతిలో నీ మీద కోపం లేదు. నమ్మితే నమ్ము, లేకపోతే లేదు. కోపమంతా ఆ తర్వాతది. నేను ఉన్నానో పోయానో కూడా అడగలేదు నువ్వు. బాపు పోయినప్పుడు కబురు పంపింది వదిన. నువ్వు కాదు.

ఇప్పుడు తొట్టి. పరీక్షలు రాయకపోయినా ఈ నీళ్లలో పదమూడేళ్లు నానాను. ఊహలు వద్దంటావు కాబట్టి రెండు పనులు చెయ్యి. ఒకటి, ఏది ముందు చచ్చింది, ఏది తర్వాత చచ్చింది, ఏది ఇంకా బతికింది, వరసగా రాయి. చేపలు, నత్తలు, రొయ్యలు, నక్షత్రం చేప, ఒక్కటి కూడా వదలకు. రెండు, శుభ్రంగా కడిగిన గాజు సీసాలో తొట్టి నీళ్లు నింపి, మూతకు మైనం పెట్టి పంపు. మా కెమిస్ట్ సారును బతిమాలి పరీక్ష చేయిస్తాను.

ప్రిన్సిపాల్‌కు చేపలను చూపించు. అవి మొహం దాచుకోవు.

లింగన్న


నాందేడ్
18 నవంబర్ 1983

లింగన్నకు,

సీసా ఈరోజే పార్సిల్ చేశాను. రంపపు పొట్టులో పెట్టి రెండు గోనెలు చుట్టాను. పగిలితే నీ అదృష్టం.

వరస అడిగావు. ముందు నత్తలు. అక్టోబర్ మొదటి వారంలో అద్దం మీద నుంచి జారిపడి మళ్లీ ఎక్కలేదు. తర్వాత రొయ్యలు, నాలుగూ. తర్వాత నక్షత్రం చేప, ఒక్కొక్క చేయీ ఊడిపోయింది. ఆ తర్వాత సముద్రపు పువ్వు. పగడాల్లో ఐదు ముక్కలకు నాలుగు పోయాయి. గోధుమరంగు మెత్తటి ముక్క ఒకటి మిగిలింది. అదీ రోజురోజుకూ కుంగుతోంది.

చేపలు ఆరూ క్షేమం. క్షేమమే కాదు, వానాకాలంలో కంటే చురుకుగా ఉన్నాయి. ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. నీళ్లు చెడ్డవైతే చేపలు ముందు చావాలి కదా? ఇది ఏ పుస్తకంలోనూ లేదు.

బాపు సంగతి ఎత్తావు. మన తండ్రిని చివరి నెల రోజులు చేతుల మీద మోసింది నేను. దూరంగా ఉన్నవాళ్లకు కోపం తెచ్చుకునే తీరిక ఉంటుంది.

దీపావళికి ప్రిన్సిపాల్ కుటుంబం రాలేదు. నేనే వద్దన్నాను.

శంకర్రావు


మండపం
1 డిసెంబర్ 1983

అన్నకు,

సీసా పగలలేదు. కట్టింది వదిన అయి ఉంటుంది.

నీ వరస చదవగానే అనుమానం వచ్చింది. చేపలు బాగున్నాయి. వెన్నెముక లేనివన్నీ చచ్చాయి. సముద్రపు పనిలో ఉన్నవాళ్లకు ఇది తెలిసిన సంగతే. నీళ్లలో రాగి కలిస్తే ఇట్లాగే అవుతుంది. చేప తట్టుకునేంత రాగి నత్తను, రొయ్యను, పగడాన్ని చంపుతుంది. కెమిస్ట్ సారు నీళ్లలో మందు చుక్క వేయగానే పసుపురంగు తిరిగింది. రాగే. ఎంత ఉందో లెక్క తేలడానికి ఇంకో రెండు వారాలు పడుతుందన్నాడు.

రాగి ఎక్కడిది? వదిన దేవుడి గదిలో రాగి బిందె నిండా నీళ్లు పెట్టడం నాకు గుర్తుంది. పొద్దున్నే అందులోంచి మనందరికీ ఒక్కొక్క గ్లాసు ఇచ్చేది. మనుషులకు మంచిదే. ఇగిరిన నీళ్ల లోటుకు ఆ బిందెలోవి పోస్తున్నారేమో చూడు. అదే అయితే వెంటనే మానండి. వదినను ఏమీ అనకు. ఆమెకు తెలిసి చేసేది కాదు.

ఒక పంపు మోటారు ఉంటే అందులో ఇత్తడి, రాగి భాగాలేమైనా నీళ్లకు తగులుతున్నాయేమో అదీ చూడు.

లింగన్న


నాందేడ్
10 డిసెంబర్ 1983

లింగన్నకు,

నీ జీవితంలో మొదటిసారి సరైన జవాబు రాశావు. ఒప్పుకుంటున్నాను.

దొంగ ఇంట్లోనే దొరికింది. నీ ఉత్తరం వచ్చినప్పుడు మా కాలేజీ గణితం సారు, కెమిస్ట్రీ సారు ముందు గదిలోనే కూర్చుని ఉన్నారు. తొట్టి ఎందుకిట్లా అయిందని అడుగుతున్నారు. ఉత్తరం వాళ్లకు చదివి వినిపించాను. మీ వదినను పిలిచి, ఈ నీళ్లలో నీ రాగి బిందె నీళ్లు పోశావా అని అడిగాను. "నేను ఎన్నడు పొయ్యలె. ప్లాస్టిక్ డబ్బల నీళ్లే పోస్త. బిందె దేవునిది, దాన్నెందుకు ముడతా?" అంది. రెండోసారి అడిగినా అదే మాట. ప్రయోగశాల తప్పు చెప్తుందా, నువ్వు తప్పు చెప్తావా అన్నాను. చదువు లేని చేతులకు శాస్త్రాన్ని అప్పగించడం నాదే బుద్ధి తక్కువ అన్నాను. కెమిస్ట్రీ సారు నవ్వాడు. ఆమె లోపలికి పోయింది.

మర్నాడు ఇస్లాపూర్‌లో ఉండే తన అక్క జనాబాయి దగ్గరికి బస్సులో వెళ్లిపోయింది. కొంచెం కోపం. నాలుగు రోజుల్లో వస్తుంది.

మిగిలిన ముక్కను ఎట్లా బతికించాలో రాయి.

శంకర్రావు


మండపం
20 డిసెంబర్ 1983

అన్నకు,

వదినను ఏమీ అనవద్దని రాశాను. ఆ వాక్యం కూడా వాళ్లకు చదివి వినిపించావా, దాటవేశావా?

లెక్క తేలింది. అంత రాగి ఉందని నమ్మలేక కెమిస్ట్ సారు మూడుసార్లు చూశాడు. నాకు నిద్ర పట్టక ఇంకొక పని చేశాను. మా ఇంటి రాగి చెంబులో నీళ్లు పోసి రెండు రాత్రులు ఉంచి అదీ పరీక్ష చేయించాను. అటువంటి నీళ్లు రోజుకు ఒక చెంబు చొప్పున మూడు నెలలు పోసినా మీ తొట్టిలో ఉన్నదానికి పదో వంతు రాదు. బిందె కాదు అన్నా. వదిన నిజమే చెప్పింది.

ఇది ఎవరో చేతితో వేసిన రాగి. మైలుతుత్తం. రైతులు పంటకు కొట్టేది, మన ఊరి సంతలో నీలం రాళ్లలా అమ్మేది. మీ కాలేజీ లాబ్‌లో సీసాల కొద్దీ ఉంటుంది. చేపల ఒంటి మీద తెల్ల చుక్కలు లేస్తే అది వేయమని చేపల పుస్తకాల్లో రాసి ఉంటుంది. ఆ చుక్కలు పోతాయి. చేపలు చురుకవుతాయి. పక్కనున్న పగడాలు చస్తాయి. ఆ పుస్తకాలు రాసేవాళ్లకు పగడాలు ఉండవు.

వానాకాలంలో కంటే చేపలు బాగున్నాయని, ఒంటి మీద మచ్చ లేదని రాసింది నువ్వే. ఆ వానాకాలంలో ఏ మచ్చలుండేవి? ఏం వేశావు? ఎప్పుడు వేశావు?

వదిన పేరు ముందు రాసినవాడిని నేనే. అది నా గొంతులో ముల్లులా ఉంది. నీ గొంతులో ఏముందో నువ్వు చూసుకో.

లింగన్న


నాందేడ్
4 జనవరి 1984

లింగన్నకు,

హద్దు దాటుతున్నావు. తొట్లు కడిగే మనిషివి. ఒక అధ్యాపకుడిని దొంగలా నిలదీస్తున్నావు. ప్రభుత్వ ప్రయోగశాలలో సొంత పనులు చేయించుకుంటున్నావని మీ అధికారికి ఒక్క కాగితం రాస్తే నీ గతి ఏమవుతుందో ఆలోచించు. కాగితం రాయడం నాకు కొత్త కాదు.

నా తొట్టిలో ఏం వేయాలో నాకు తెలుసు. ఇక ఈ విషయం మీద ఉత్తరాలు వద్దు.

మెత్తటి ముక్క కూడా పోయింది.

శంకర్రావు


మండపం
11 జనవరి 1984
పోస్టు కార్డు

అన్నకు,

కవరులో రాస్తే చింపేస్తావని కార్డు రాస్తున్నాను. పోస్ట్‌మన్ చదివినా సరే, కాలేజీలో గుమాస్తా చదివినా సరే.

మైలుతుత్తం వేశావా, లేదా? ఒక్క మాట.

మా అధికారికి కాగితం రాయి. నీళ్ల పరీక్ష చేయించింది నేనే అని ఆయనకు ముందే చెప్పాను.

లింగన్న


నాందేడ్
12 ఫిబ్రవరి 1984

తమ్ముడు లింగన్నకు,

వేశాను.

సెప్టెంబర్ మూడో వారంలో చేపల మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు లేచాయి. పుస్తకం చూసి లాబ్ నుంచి తెచ్చాను. మొదటిసారి కొలిచి వేశాను. చుక్కలు మళ్లీ వస్తే రెండోసారి, మూడోసారి వేశాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసిన అవసరం ఉందనుకోలేదు.

నత్తలు జారిపడ్డ రోజున నాకు అనుమానం వచ్చింది. దాన్ని అక్కడే నొక్కేశాను. నీ నీళ్ల మీద తోయడం తేలికగా ఉండింది. తర్వాత నీ ఉత్తరంలో రాగి అన్న మాట చదివాను. ఆ క్షణంలో నాకంతా తెలిసింది. కింది వాక్యంలో నువ్వు బిందె అని రాశావు. ఎదురుగా ఇద్దరు మనుషులు నా మొహం చూస్తున్నారు. బిందెను పట్టుకున్నాను. మీ వదిన సుమిత్ర రెండోసారి కాదన్నప్పుడు కూడా అది నిజమని నాకు తెలుసు. తెలిసే ఆ మాటలన్నాను.

నీ కార్డు ముందు పోస్ట్‌మన్ చదివాడో లేదో తెలియదు. నేను మాత్రం పన్నెండు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. తర్వాత ఇస్లాపూర్ వెళ్లాను. జనాబాయి వాకిట్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. సుమిత్ర వాటిని తిప్పుతూ కూర్చుంది, లేవలేదు. నిలబడే చెప్పాను, మందు వేసింది నేనేనని. ఆమె తల ఎత్తి, "నాకెందుకు చెప్తున్నరు? నేను పొయ్యలేదని నాకెరుకనే గద. ఎవళ్ల ముంగట అన్నరో గాళ్ల ముంగట చెప్పుండ్రి" అంది. మళ్లీ మిరపకాయలు తిప్పింది. జనాబాయి మంచినీళ్లు తెచ్చింది. తాగి వచ్చేశాను.

అక్కడికి పోయి వచ్చి పదకొండు రోజులైంది. ఆ ఇద్దరితో రోజూ స్టాఫ్ రూమ్‌లో కూర్చుంటున్నాను. నోరు తెరుస్తాను, వేరే మాట వస్తుంది. నిన్న మళ్లీ ఇస్లాపూర్ వెళ్లాను. ఇంటికి తాళం. యాత్రకు పోయారని పక్కింటి ఎంకవ్వ చెప్పింది. "ఏ ఊరికి?" అంటే, "నాకేం ఎరుక సారూ, దేవుని దిక్కు పోయిండ్రు" అంది.

నీకు ఏమైనా రాసిందా? ఇట్లా అడగడానికి నాకు సిగ్గుగానే ఉంది.

మీ అన్న
శంకర్రావు


మండపం
4 మార్చి 1984

అన్నకు,

వదిన ఇక్కడే ఉంది. ఇస్లాపూర్ వాళ్లు ఇరవై మంది శివరాత్రికి రామేశ్వరం వచ్చారు. వదిన, జనాబాయి మా స్టేషన్‌లో దిగిపోయారు. నడిచి వచ్చి, ప్రయోగశాల గేటు దగ్గర నా పేరు అడిగారు. పదహారేళ్ల తర్వాత చూశాను. నా భార్యకు తెలుగు రాదు, వదినకు తమిళం రాదు. వంటింట్లో ఇద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు.

మొదటి రోజే చెప్పాను, "నీ పేరు ముందుగాల రాసింది నేనే వదినా. తప్పు నాది" అని. ఆమె అంది, "రాసింది నువ్వు. నమ్మనిది ఆయన. రెండు ఒక్కటి గావు."

మర్నాడు పొద్దున పడవలో తీసుకుపోయాను. అడుగున అద్దం బిగించిన చెక్క పెట్టె నీళ్ల మీద పెట్టి చూడమన్నాను. పడవ ఊగితే జనాబాయి శివనామం ఎత్తుకుంది. వదిన ఆ పెట్టెలోకి వంగింది, మళ్లీ లేవలేదు. వీపు మీద ఎండ కొడుతున్నా లేవలేదు.

"గివన్ని నోర్లేనా లింగన్నా?"

"నోర్లే వదినా."

"మన ఇంట్ల ఉన్నయి నేను గింత దగ్గరకెళ్లి సూడలె. గిట్లనే ఉండెనా, ముందుగాల?"

"గిట్లనే. చిన్నగ."

"మరి నేను కరెంటు పోయినప్పుడు గాలి కొట్టి, కొట్టి, దేన్ని బతికిస్తున్ననో నాకెరుక లేకపాయె" అంది. కళ్లు తుడుచుకుందో, నీళ్లు చిమ్మాయో నేను చూడలేదు. పడవ తోలేవాడు ముందుకు చూడాలి.

ఇక నీ తొట్టి. అందులో నీళ్లు మార్చి లాభం లేదు. రాగి పగడపు ఇసుకలోకి, చచ్చిన ముక్కల్లోకి ఇంకింది. కొత్త నీళ్లు పోసినా మెల్లగా బయటకు వస్తూనే ఉంటుంది. చేపలను వేరే తొట్టిలోకి తీసి, ఇసుక, రాళ్లు అన్నీ పారెయ్యి. అద్దాల అతుకులకు పెట్టిన లప్పం కూడా గీకెయ్యి. ఏడాది దాకా పగడం మాట ఎత్తకు. ఎత్తినా నేను పంపను.

వదిన పదకొండో తేదీ ఆదివారం నాందేడ్‌లో దిగుతుంది. స్టేషన్‌కు రావద్దని చెప్పమంది. ఆ ఇద్దరు సార్లను ఇంటికి పిలిచి కూర్చోబెట్టమంది. వాళ్లు లేకపోతే అదే జట్కాలో బస్టాండుకు పోయి ఇస్లాపూర్ బండి ఎక్కుతుందట. ఆమె అన్నది చేసే మనిషి. నీకు తెలియదేమో, నాకు తెలుసు.

నీ మీద కోపం తగ్గిందని అనుకోకు. వేశానని రాయడానికి నీకు నెల పట్టింది. అయినా రాశావు. అంతవరకు సరే.

లింగన్న


నాందేడ్
15 మార్చి 1984

తమ్ముడు లింగన్నకు,

సుమిత్ర ఆదివారం పొద్దున పదింటికి వచ్చింది. గణితం సారు, కెమిస్ట్రీ సారు తొమ్మిదిన్నరకే వచ్చి కూర్చున్నారు. ఎందుకు పిలిచానో వాళ్లకు చెప్పలేదు. ఆమె వాకిట్లో చెప్పులు విడిచి, వాళ్లకు నమస్తే పెట్టి, లోపలికి పోయి టీ పెట్టింది. టీ తెచ్చి తలుపు దగ్గర నిలబడింది.

అప్పుడు చెప్పాను. తొట్టిలో రాగి ఆమె పోయలేదని, మైలుతుత్తం నేనే మూడుసార్లు వేశానని, వాళ్ల ముందు ఆమెను అన్న మాటలు తెలిసి అన్న అబద్ధాలని. ఇదంతా ఎవరు కనిపెట్టారని గణితం సారు అడిగాడు. మండపంలో పనిచేసే మా తమ్ముడని చెప్పాను. ఇద్దరూ విన్నారు. టీ తాగి వెళ్లిపోయారు.

సోమవారం తొట్టి ఖాళీ చేశాం. ఇసుక నాలుగు గంపలైంది. నేను అద్దాలు గీకుతుంటే ఆమె చేపలను పాత తొట్టిలోకి మార్చింది. నీళ్ల గీత, ఉప్పు కొలత ఇకమీద తానే చూస్తానంది. గాజు గొట్టం చదవడం నేర్పించాను. రెండు నిమిషాల్లో పట్టుకుంది. ఏం వేసినా ముందు తనకు చెప్పాలంది. సరే అన్నాను. నాతో మాటలు అంతవరకే. పనికి సంబంధించినవి.

వేసవి సెలవుల్లో మీ ఇంటికి రావాలని ఉంది. నువ్వు వద్దంటే రాను.

మీ అన్న
శంకర్రావు

ఇంకొక మాట: పైన రాసింది సుమిత్రకు చదివి వినిపించాను. "అంత రాయలె మీరు. మొత్తం రాయుండ్రి" అంది. అందుకని రాస్తున్నాను. నేను చెప్పగానే కెమిస్ట్రీ సారు నవ్వాడు. "అరె ఛోడో సర్, ఘర్ కీ బాత్ హై" అన్నాడు, ఇంటి సంగతే కదా వదిలేయమని. గణితం సారు నవ్వాడు. వాళ్లతో పాటు నేనూ నవ్వాను. అప్పుడు సుమిత్ర టీ పళ్లెం కింద పెట్టి గది మధ్యలోకి వచ్చింది. "మల్లొక్కపారి చెప్పుండ్రి. నవ్వకుంట చెప్పుండ్రి" అంది.

లేచి నిలబడి మళ్లీ మొదటి నుంచి చెప్పాను. రెండోసారి ఎవరూ నవ్వలేదు.